ఎర్ర కారులో రెండో సీటు

మా ఇంటావిడకి,

ఇల్లు ఇప్పుడు నిజంగా మనదైంది కనుక ఇలా పిలిచే హక్కు ఇన్నాళ్లకు వచ్చింది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, అత్తయ్యా క్షేమంగా ఉన్నారనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను. ఫోన్ చేతిలో ఉండగా ఈ ఉత్తరాలేమిటని కింది వాటా టైలరు నవ్వుతున్నాడు. నవ్వనీ. మీ తమ్ముడు పోయిన దగ్గర్నుంచి ఫోన్లో మనిద్దరం "ఊఁ" అనీ "ఇంకేంటి" అనీ అనుకోవడమే తప్ప ఒక్క మాటైనా సరిగ్గా మాట్లాడుకోలేదు. కాగితం మీదైతే నువ్వు మళ్లీ నాకు తెలిసిన మనిషిలా మాట్లాడుతున్నావు. నేనూ అంతేననుకుంటాను.

అత్తయ్య నడక సంగతి చదివి ప్రాణం కుదుటపడింది. చేతికర్రని తిడుతోందంటే కాలు బాగుపడుతోందనే అర్థం. నేను పెట్టిన ఫోటో చూసి నేను చిక్కిపోయానందని రాశావు. ఆవిడ కళ్లద్దాలు మార్పించు. నా దగ్గు తగ్గింది. స్నానాల గదిలో పంపు మాత్రం ఇంకా కారుతోంది. ప్లంబరు రోజూ వస్తానంటాడు, రోజూ రాడు. నేనే విప్పి చూద్దామనుకున్నాను గానీ, పోయినసారి నేను విప్పిన పంపు ఏమైందో నీకు గుర్తుండే ఉంటుంది.

ఇంటి కాగితాలు బ్యాంకువాళ్లు ఇచ్చేశారు. నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. మేనేజరు లేచి నిలబడి చెయ్యి కలిపాడు. బయటికొచ్చి మెట్ల మీద నిలబడితే, ఎటు వెళ్లాలో తోచలేదు. ఇన్నేళ్లూ ఒకటో తారీకు దగ్గర పడుతోందంటే వాయిదా డబ్బు లెక్కపెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ లెక్క లేదు. అయినా నెల మొదట్లో పొద్దున్నే లేచి కూర్చుని, ఏదో మర్చిపోయానని ఇల్లంతా వెతుకుతున్నాను. టైలరు భార్య చూసి ఏం పోయిందని అడిగితే కళ్లజోడు అని చెప్పాను. కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

గోడలకి రంగులు ఏ గదిదాకా వచ్చాయని అడిగావు. దాని జవాబు కొంచెం కింద రాస్తాను.

ఇక కారు. కొన్నానని రాశాక, నువ్వు తిడతావనుకుని, నీ జవాబు వస్తే తెరవడానికి భయపడ్డాను. నువ్వు తిట్టలేదు. "వాడు కూర్చోవాలనుకున్న సీట్లో ఒక్కసారి నేను కూర్చుంటాను. నెలాఖరుకి వస్తాను, తిప్పండి" అని రాశావు. అది చదివి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. మిగతాది సాయంత్రానికి గానీ చదవలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాలి.

బావా బామ్మర్దులని ఒకే బస్సు మీద వెయ్యకూడదని డిపోలో ఎవరికీ తట్టకపోవడం మా అదృష్టం. నేను స్టీరింగు, మీ తమ్ముడు టికెట్లు. వాడు మనింట్లోనే ఉండి, మన కంచంలోనే తిని, జీతంలో సగం మన ఇంటి అప్పుకే పోసేవాడు. పెళ్లి చేసుకోరా అంటే, ముందు ఇల్లు మనల్ని చేసుకోనీ అనేవాడు. మా రూటులో ఆ పెద్ద సిగ్నలు దగ్గర కార్ల షోరూం ఉందిగా, అక్కడ ఎర్ర దీపం పడితే చాలు, వెనక నుంచి జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికి వచ్చేసేవాడు. అద్దం వెనక ఆ ఎర్ర కారు. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకి అంటుకుపోయినట్టు ఉండేది.

"అప్పు తీరిన మర్నాడు అదే బావా. నువ్వు తోలు, నేను పక్కన కూర్చుంటా. ఆ ఒక్కరోజూ ఎవడికీ టికెట్ కొట్టను."

మరి మీ అక్క ఎక్కడ కూర్చుంటుందిరా అంటే, అక్క బస్సులో వస్తుందిలే అనేవాడు. ఆ మాట నీకు చెప్పిన రోజు నువ్వు గరిటె పట్టుకుని ఇల్లంతా తరిమావు. చివరి వాయిదాలు ఇంకా మిగిలి ఉండగానే, డ్యూటీ దిగి డిపో మెట్ల మీద బూటు లేసు విప్పుకుంటూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ లేసు సగమే విప్పి ఉంది. అది నీకు ఇంతవరకు చెప్పలేదు.

అందుకని కాగితాలు చేతికొచ్చిన మర్నాడే వెళ్లాను. షోరూంలో కొత్తది కొనే తాహతు మనకి లేదు. పాత కార్లు అమ్మే చోట అదే రంగు, అదే రకం దొరికింది. అమ్మే కుర్రాడు నా నెరిసిన తలా, నా చెప్పులూ చూసి, అబ్బాయి కోసమా సార్ అని అడిగాడు. "మా బామ్మర్దికి" అన్నాను. నోరు జారింది. ఆయన్ని కూడా తీసుకురావాల్సింది సార్ అన్నాడు. పనిలో ఉన్నాడని చెప్పి సంతకం పెట్టాను.

దాన్ని తోలడం చూస్తే నువ్వు కడుపు పట్టుకుని నవ్వుతావు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బస్సు మీద మేడ మీద నుంచి చూసినట్టు రోడ్డంతా కనిపించేది. ఇందులో గడప మీద కూర్చున్నట్టుంటుంది. పక్కకి బస్సు వస్తే దాని చక్రాలు తప్ప మరేం కనిపించవు. మలుపు వస్తే వెనక ఇంకా పొడుగాటి బండి ఉందన్నట్టు బారుగా తిప్పుతాను. స్టాపు కనిపిస్తే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. గాలిలా పోయే బండిని మన పాత రూటులో స్టాపు స్టాపుకీ ఆపుకుంటూ వెళ్తున్నానంటే నమ్ము. ఆసుపత్రి స్టాపులో రోజూ నిలబడే నర్సు మొదటిసారి, బండి చెడిపోయిందా బాబాయ్ అని అడిగింది. ఆ తర్వాత నన్ను చూసి నాలుగడుగులు వెనక్కి జరిగింది.

మన డిపో ఫోర్‌మన్, నువ్వు బానపొట్టాయన అంటావే, ఆయన సరదా పడితే ఒక మధ్యాహ్నం ఎక్కించుకున్నాను. ఎక్కడం సులువేగానీ దిగడానికి క్రేన్ తెప్పించాలన్నాడు. దారి పొడుగునా చిన్నపిల్లాడిలా కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి కూర్చున్నాడు. ఇంటి దగ్గర దింపి, ఆ సీటు బెల్టు పాడైంది, ఇంకెప్పుడూ ఎక్కించుకోలేనని చెప్పాను. బెల్టు ఆయన చేతిలోనే ఉంది, బాగానే ఉంది. ఆయన దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, నువ్వు మారిపోయావురా అని లోపలికి వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్ల స్నేహం. పోతే పోనీ అనుకున్నాను.

నీ ఉత్తరం చివర్లో నాలుగు మాటలు రాసి కొట్టేసి, మళ్లీ రాశావు. "కళ్లు మూసుకుంటే వాడి మొహం వస్తోంది. గొంతు రావడం లేదండీ. ఎంత తెచ్చుకుందామన్నా రావడం లేదు. మీకు వస్తోందా?"

వస్తోంది.

ఇది రాయడానికే ఇంత చుట్టు తిరిగొచ్చాను. నాకు వాడి గొంతు వినిపిస్తోంది. గుర్తు రావడం కాదు, చెవులకి వినిపిస్తోంది. కారు కొన్న రోజున ఆసుపత్రి స్టాపులో అలవాటు కొద్దీ ఆగాను కదా. నా తెలివికి నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను. అప్పుడు పక్క సీట్లోంచి "రైట్... రైట్" అని వినిపించింది. మొదటి రైట్ సాగదీసి, రెండోది తుంచేసినట్టు. డిపోలో అంతమంది కండక్టర్లలో అలా అనేది వాడొక్కడే. నా కాలు క్లచ్ వదిలేసింది, బండి కదిలిపోయింది. తల తిప్పి చూడలేదు. తర్వాతి స్టాపు దగ్గరికి వచ్చేసరికి "హోల్డాన్" అన్నాడు. ఆగాను.

అప్పటి నుంచీ అంతే. ఆ రెండు మాటలే, ఇంకేమీ ఉండదు. ఎలా ఉన్నావురా అని అడిగాను. అక్క ఏడుస్తోందిరా అని చెప్పాను. తిన్నావా అని కూడా అడిగాను, సిగ్గులేకుండా. డ్యూటీలో ఉన్నప్పుడు వాడు సొంత కబుర్లు ఆడేవాడు కాదు, సిగ్నలు దగ్గర తప్ప. ఆ సిగ్నలు దగ్గర కూడా ఇప్పుడు ఏమీ అనడు. షోరూంలో ఎర్ర కారు ఉండే చోట ఇప్పుడు తెల్లది పెట్టారు.

ఒకరోజు పంతం పట్టాను. ఇదంతా నా బుర్ర చేస్తున్న పనేమో, ఎక్కడా ఆగకుండా పోయి చూద్దామని. ఒక స్టాపు దాటాను. "హోల్డాన్" అన్నాడు. రెండోది దాటాను. గట్టిగా అన్నాడు. అలా దాటిన కొద్దీ గొంతు పెరిగి, మార్కెట్ దాటాక బతిమాలుతున్నట్టు అయిపోయింది. ఎక్కాల్సినవాళ్లందరినీ నేను రోడ్డు మీద వదిలేస్తున్నానన్నట్టు. బతికుండగా వాడు నన్ను దేనికీ బతిమాలలేదు. బండి వెనక్కి తిప్పి, మొదటి స్టాపు నుంచి మళ్లీ ఒక్కొక్కటీ ఆగుతూ వచ్చాను. ఇంటికొచ్చి కారు మీద గుడ్డ కప్పేశాను. కప్పేటప్పుడు ఆ సీటు వైపు చూడను. భయమేస్తుందా అని అడిగితే, వేస్తుంది. అయినా పొద్దున్న లేచేసరికి తాళాలు నా చేతిలో ఉంటాయి.

ఇప్పుడు ఫోర్‌మన్ సంగతి. ఆయన కూర్చున్నంతసేపూ ఒక్క స్టాపులోనూ మాట లేదు. దింపేశాక కూడా లేదు. ఆ వారమంతా లేదు. మీ తమ్ముణ్ణి ఆ మెట్ల మీద చూసిన రోజు అందరూ ఏడుస్తుంటే నేను ఏడవలేదని నువ్వే అన్నావు. ఆ వారం రోజులూ నేను స్టాపుల్లో బండి ఆపి స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. వెనక బస్సువాడు హారన్ కొట్టి కొట్టి, దిగొచ్చి చూసి, పక్క నుంచి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఒక మధ్యాహ్నం మార్కెట్ స్టాపులో, అలిగి తిరిగొచ్చినవాడిలా మెల్లగా "రైట్" అన్నాడు. అప్పుడు గట్టిగా నిశ్చయించుకున్నాను, ఆ సీట్లో ఇంకెవర్నీ కూర్చోనివ్వకూడదని.

ఆ మర్నాడే నీ దగ్గర్నుంచి, ఇంటికి వస్తానని, దీనికి ముందటి ఉత్తరం వచ్చింది. నేనేం రాశాను? ఇంటికి రంగులు వేయిస్తున్నాను, ఆ వాసనకి నీకు ఆయాసం వస్తుంది, ఇంకొన్నాళ్లు అక్కడే ఉండమని రాశాను. రంగులు లేవు, ఏమీ లేవు. గోడలు నువ్వు వెళ్లినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. నీ గదిలో మూల చెమ్మ ఇంకా కొంచెం పాకింది కూడా.

పరాయివాడు కూర్చుంటేనే వారం రోజులు పలకలేదు. నువ్వు కూర్చుంటే? నీకు తెలుసుగా, నువ్వు మా బస్సెక్కితే వాడు ముందు తన సీటు దులిపి నిన్ను కూర్చోబెట్టి, చివరి స్టాపుదాకా నిలబడే వచ్చేవాడు. అక్క వచ్చిందని దిగిపోతాడేమో. దిగిపోతే మళ్లీ ఏ స్టాపులో ఎక్కుతాడు?

నాకు పిచ్చెక్కిందనుకుంటావని దాచలేదు. చెబితే పంచుకోవాలి, అందుకే దాచాను. నిన్నటిదాకా నా మనసులో ఉన్నది అదే. నువ్వు వాడి తోడబుట్టినదానివి. ఒళ్లో పెట్టుకుని పెంచావు. నీకు గొంతు గుర్తు రాక అక్కడ ఏడుస్తుంటే, నేను ఇక్కడ రోజూ కడుపునిండా విని, నోరు మూసుకుని పడుకుంటున్నాను. ఆ కొట్టేసిన మాటలు చూశాక ఇంక నా వల్ల కాలేదు. నన్ను ఏమైనా అను. అనకుండా మాత్రం ఉండకు.

నెలాఖరుదాకా ఆగొద్దు. అత్తయ్యకి తోడు కుదిరిన రోజునే బయల్దేరు. వచ్చాక నీకు వినిపిస్తుందో లేదో నేను మాట ఇవ్వలేను. నీకు వినిపించకపోగా నాకూ పోవచ్చు. అది తెలిసే రమ్మంటున్నాను.

నువ్వు దిగే చోటు మన రూటులోదే. అక్కడికొచ్చేసరికి వాడు "హోల్డాన్" అంటాడు, నేను ఆగుతాను. తలుపు తీసుకుని కూర్చో, చీకటి పడేదాకానైనా ఇద్దరం అక్కడే వాడి మాట కోసం చూద్దాం. వాడు రైట్ అంటే సరే. అనకపోతే నువ్వు అను. ఎవరో ఒకరు అనకపోతే నేను బండి కదపలేను.

ఇట్లు,
నీ ఇంటాయన,
మీ తమ్ముడి బావ