పచ్చటి సూపు, మా ఆయన చీటీ

మార్చి, బుధవారం రాత్రి

కాళ్లు గుంజుతున్నయి. పంజాగుట్టల మా టైలర్ దుకాణంల పొద్దంతా ఒక్కదాన్నే మిషన్ తొక్కిన. మా ఆయనకు గొంతు ఆపరేషన్ అయ్యి ఆరు రోజులాయె. రేపు చూపించుకునేదాక ఒక్క మాట సుత మాట్లాడొద్దన్నడు డాక్టర్. ఏం కావాల్నన్నా చీటీ మీద రాస్తుండు.

కారం వద్దన్నరని, వచ్చేటప్పుడు అమీర్‌పేటల లేత పాలకూర, సొరకాయ, పచ్చి బఠానీలు కొన్న. ఎండలు ముదిరితే గీ బఠానీలు దొరకవు. అన్నీ ఉడకబెట్టి, మిక్సీల తిప్పి, జర ఉప్పేసి వడగట్టిన. సూపు లేత చిగురు లెక్క పచ్చగ వచ్చింది.

బఠానీలు ఒలిచిచ్చిన బిడ్డ పక్కనే నిలబడి, "అమ్మా, నాన్న అరుపుల్లేక ఇల్లు మస్తు మంచిగున్నది గదా!" అన్నది. నాకు నవ్వాగలే.

తిరిగి చూస్తే ఆయన వంటింటి తలుపు కాడ ఉన్నడు.

గిన్నె ముందట పెడితే ముట్టలేదు. చీటీ రాసి నా దిక్కు జరిపిండు. "నేను గంత అరుస్తనా?"

"సల్లారుతది, తాగుండ్రి" అన్న. ఆయన చీటీ మీద వేలు తియ్యలేదు. నన్నే చూస్తుండు.

"అరుస్తరు" అన్న. ఇరవై ఏండ్లల మొదటిసారి.

తల వంచుకొని సూపంతా తాగిండు.

గొంతు మంచిగ రావాలనే దేవునికి మొక్కుకున్న, అబద్ధం కాదు. గానీ ఇంకొక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు మాట్లాడొద్దని రేపు డాక్టర్ అంటే బాగుండునని సుత...