ఒక చక్రమే ఎక్కింది

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. ఇల్లూ కారూ కూడా క్షేమమనే రాద్దామనుకున్నాను గానీ, కారు విషయంలో చిన్న సవరణ ఉంది. ఓడ మీద మీరు వేళకు తిని, కంటినిండా నిద్రపోతున్నారని తలుస్తాను.

మీరడిగినవాటికి ముందు జవాబులు. పంటినొప్పి తగ్గింది. వంటింటి కుళాయి ఇంకా కారుతోంది, కింద గిన్నె పెట్టాను. కాలేజీలో పరీక్షలు అయిపోయాయి, పేపర్లు దిద్దుతున్నాను. ఓడవాళ్ళు మరో ఏడాది ఉండమంటున్నారు, సంతకం పెట్టనా అని కూడా అడిగారు. "తమ్ముడు ప్రతి ఆదివారం వచ్చి చూసుకుంటున్నాడు కదా, నాకు బెంగ లేదు" అన్నారు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మొన్న ఆదివారం కారుకి ఇంజనాయిలు మార్చాలనుకున్నాను. మీరు చేస్తుంటే ఎన్నోసార్లు చూశాను, నాకూ వచ్చనే అనుకున్నాను. కారు కిందికి దూరాలంటే ముందు చక్రాలు రెండింటినీ ఆ ఏటవాలు ర్యాంపుల మీదికి ఎక్కించాలి. మన కారు నేలను రాసుకుంటూ పోయే రకం కదా. చక్రం ర్యాంపు ఎక్కేలోపే బంపరు దానికి తగులుతుందని, మీలాగే ముందు చెక్కపలకలు పరిచి వాలు తగ్గించాను. కానీ సీట్లో కూర్చుంటే ర్యాంపులు కనిపించవు. జానెడు నడిపి, దిగి చూసి, మళ్ళీ ఎక్కి మళ్ళీ జానెడు. పదకొండుసార్లు దిగాను. మీరున్నప్పుడు ఎదురుగా నిలబడి చెయ్యి ఊపడం నా వంతు. అదీ ఒక పనేనా అనుకునేదాన్ని.

పన్నెండోసారి విసుగొచ్చి కాస్త గట్టిగా తొక్కాను. ఎడమ చక్రం ఎక్కింది. కుడివైపు ర్యాంపు నున్నటి గచ్చు మీద జారిపోయి గోడకు కొట్టుకుంది. దాని కింద మీరు రబ్బరు పట్టా వేసేవారని అప్పుడు గుర్తొచ్చింది. బంపరు ఒక మూల చిట్లింది.

చప్పుడు విని పక్కింటి టైలరు పిన్నిగారు మెడలో టేపుతోనే వచ్చారు.

"ఏంటమ్మాయ్, కారు ఒంటికాలి మీద నిలబడింది?"

"ఆయిలు మారుద్దామని, పిన్నిగారూ."

"మీ మరిది వస్తాడన్నావుగా?"

"అతనికి ఇవాళ పనుందట."

"పోయిన వారం పనే, ఆ ముందు వారమూ పనే. రోజంతా గుమ్మంలో మిషన్ ముందు కూర్చునేదాన్ని, మీ గేటు ఎవరు తీస్తున్నారో నాకు తెలీదూ? అతనికి పనెక్కువో, నీకు మొహమాటమెక్కువో. సరే, ఎక్కు, నేను పక్కనుంచి చూసి చెబుతాను. మెల్లగా తొక్కు. మిషనుకైనా దీనికైనా కాలు అదుపులో ఉంటే చాలు."

ఆవిడ చెప్పినట్టే కారు వెనక్కి దించాను. దించాక కూడా కాసేపు స్టీరింగు వదల్లేకపోయాను. ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చి మళ్ళీ మిషన్ దగ్గరికి వెళ్ళారు. ఆయిలు మర్నాడు మెకానిక్కు మార్చాడు.

ఇప్పుడు అసలు సంగతి. మీ తమ్ముడు రావడం లేదు. మీరు వెళ్ళిన మొదటి నెలలో ఒక్కసారి వచ్చాడు, చెప్పులు విప్పకుండా గుమ్మంలోంచే పలకరించి వెళ్ళాడు. అతన్ని తప్పుపట్టకండి, నేనూ పిలవలేదు. మీరు దిగులుపడతారని ఒక ఉత్తరంలో వచ్చాడని రాశాను. తర్వాత అది అలవాటైపోయింది. బల్బు మార్చాడని, భోంచేసి వెళ్ళాడని, మీ చిన్నప్పటి అల్లరి కథలు చెప్పాడని రాసుకుంటూ పోయాను. రాస్తున్నంతసేపూ ఇంట్లో ఇంకో మనిషి మసలుతున్నట్టుండేది. ఆ బల్బు నేనే మార్చాను. ఆ కథలు ఎప్పుడో మీరు నాకు చెప్పినవే. మీకే తిప్పి రాస్తే మీరు పోల్చుకోలేదు.

మీకు ఆ ఓడ ఇంజన్లంటే ప్రాణమని తెలుసు. ఇంట్లో ఏమీ తోచడం లేదన్నది ఒక మనిషిని వెనక్కి పిలవడానికి తగిన కారణమేనా అని వారం రోజులుగా నన్ను నేను అడుగుతున్నాను. ఒకరోజు అవునంటుంది మనసు, ఇంకోరోజు స్వార్థమంటుంది. ఇంకా తేలలేదు. తేలేలోపు మీరు నా అబద్ధాన్ని నమ్మి సంతకం పెట్టేస్తారేమోనని, తేలకుండానే రాస్తున్నాను. పెట్టకండి.

ఇట్లు,
ఈసారి ఉన్నదున్నట్టు రాసిన
మీ ఇల్లాలు