రోజుకో రూపాయి

జూన్ 2
మణికట్టు కట్టు విప్పారు. పూర్తిగా తిరగడం లేదు. అది విరగ్గొట్టినవాణ్ణి ఫోన్లో బ్లాక్ చేసి నెలన్నర. ఇవాళ నా అకౌంట్లో ఒక్క రూపాయి వేశాడు. డబ్బు ఎందుకు పంపుతున్నామో రాయడానికి చిన్న గడి ఉంటుంది కదా, అందులో తిట్టు రాశాడు.
ఛీ. బ్యాలెన్స్ చూసుకోవడానికి కూడా భయపడాలా?

జూన్ 5, టీ టైమ్
రోజుకో రూపాయి, రోజుకో బూతు. బ్యాంకు క్లర్కుని అడిగాను. పంపేవాణ్ణి మేం ఆపలేమండీ, కొత్త అకౌంట్ తెరుచుకోండి అన్నాడు. జీతం పడేది ఇందులోనే. మార్చాలంటే రెండు నెలలు పడుతుందని లాండ్రీ సూపర్‌వైజరు అంటున్నాడు. ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టేదాని పని ఎవడికి అర్జెంటు?

జూన్ 9
ఇంకెన్నాళ్ళని బావ అక్కని అడిగాడు, నాకు వినపడేలా. ఆయన తప్పేం లేదు. చుట్టరికం మూడు రోజులే ముద్దు. వాళ్ళింట్లో సోఫా మీద పడుకోవడం మొదలుపెట్టి నాకు యాభై రోజులైంది.

జూన్ 11
గది దొరికింది! తలుపుకి రెండు గడియలు. ఓనరమ్మ రెండు నెలల అడ్వాన్సూ, మూడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంటూ కావాలంది. అడ్వాన్స్ ఉంది. స్టేట్‌మెంటే గండం.

జూన్ 12
జీతం పడిన వరుస. దాని కిందే, నేను ఎవరెవరితో పడుకుంటానో అతను రాసిన వరుస. మార్కర్‌తో అతని వరుసలన్నీ నల్లగా పులిమేశాను.

జూన్ 13
ఓనరమ్మ కాగితాలు తిప్పి ఇచ్చేసింది. ఏం దాచావమ్మా, అప్పులా అంది. ఇంకొకావిడ కూడా గది అడుగుతోందట, రేపు సాయంత్రం దాకా చూస్తానంది. తప్పు నేను చేసినట్టు దాచిపెట్టానే, నా తెలివి తగలెయ్య!

జూన్ 14
పులమని కాపీ ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, వేలు ఆనించి వరుస వరుసా చదివింది. నేను చెప్పులు కూడా విప్పలేదు, ఎలాగూ పొమ్మంటుందని. వాడికి ఈ అడ్రస్ తెలుసా అంది. తెలీదన్నాను. చెప్పకు అంది. జీతం టైముకి పడుతోందిగా, నాకు కావాల్సింది అదే అని తాళం చేతిలో పెట్టింది. అడ్వాన్స్ మాత్రం పైసా తగ్గించలేదు మహాతల్లి.
మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. హాయిగా ఏడ్చాను.

ఆగస్టు 1
జీతం కొత్త అకౌంట్లో పడింది. సొంత బకెట్టు, సొంత చీపురు కొన్నాను.

ఆగస్టు 3
పాత అకౌంట్ మూయించే ముందు ఒకసారి తెరిచి చూశాను. ఎందుకు చూశానో. నిన్నటి రూపాయి పక్కన, 'తప్పయింది. నువ్వు లేకపోతే నేను లేను. వచ్చెయ్.'
అన్ని బూతులకీ చలించనిదాన్ని, పనికి కూడా పోకుండా సాయంత్రం దాకా అదే చదువుతూ కూర్చున్నాను.
రేపు బ్యాంకు తెరవగానే వెళ్ళాలి. తెరవగానే. ఆలస్యమైతే నేను వెళ్ళేది బ్యాంకుకి కాదు.