సరైన క్యాబినెట్ దొరికేదాకా

1998 మార్చి 16, సోమవారం. పొద్దున 6:40

నిర్ణయం తీసుకున్న. ఈస్టర్ లోపల ఇంట్ల సర్వర్ తయారు కావాలె. ఇంక ఇరవై ఏడు రోజులున్నయి. మస్తు టైము.

సర్వర్ అంటే ఏందని క్యాథరిన్ అడిగింది. నా భార్య, సర్కారు దవాఖానల నర్సు. "అందరి కాయితాలు దాచే పెట్టె. మన కంప్యూటర్ నుంచి అడిగినా తీసిస్తది, గోడ అవతల చర్చి ఆఫీసుల కంప్యూటర్ నుంచి అడిగినా తీసిస్తది" అని చెప్పిన. "బీరువా అను" అన్నది. బీరువా అట. ఇరవయ్యో శతాబ్దం అయిపోవస్తున్నది.

కంప్యూటర్ లోపలి బోర్డు ఉన్నది. మూడు హార్డ్ డిస్కులున్నయి. అన్నీ టేబుల్ మీద పేపర్ పరిచి పెట్టిన. తక్కువైంది క్యాబినెట్ ఒక్కటే. ఒక రేకు డబ్బా. అదెంత పని.

మొదటి డిస్కుల మా చర్చి సమాధుల రిజిస్టరు ఉన్నది. 1931 నుంచి 1996 దాకా ఎవరిని ఎప్పుడు పాతిపెట్టిన్రో అంతా. 210 పేజీలు. నేను పాఠాలు చెప్పే ఇన్‌స్టిట్యూట్ల స్కానర్ మీద జనవరిల ఎక్కించిన. పుస్తకానికి చెదలు పట్టింది. దీన్నేం చెయ్యాలె అని సంఘ పెద్ద మత్తయ్య అడిగితే, "పొయ్యిల పెట్టు పెద్దయ్యా, ఇగ దాని పని అయిపోయింది" అన్న. పెట్టిండు. చెప్తే వినే మనిషి, పాపం.

క్యాబినెట్‌కు నా షరతులు:
1. డిస్కులకు నాలుగు అరలు. ఉన్నవి మూడే, కని ముందుచూపు ఉండాలె.
2. ముందు ఒక ఫ్యాన్, ఎనుక ఒక ఫ్యాన్.
3. రేకు అంచులు చెయ్యి కొయ్యొద్దు.
4. పక్క మూత ఒక్కటే ఊడాలె. మొత్తం దుప్పటి గుంజినట్టు లేపుడు వద్దు.

ఏది పడితే అది కొనే మనిషిని కాదు నేను.

మార్చి 18, బుధవారం. సాయంత్రం 5:15

మా ఇన్‌స్టిట్యూట్ ఓనర్ శంకరయ్య సార్ దగ్గర పాత క్యాబినెట్ ఉన్నదట. ఊకెనే ఇస్త తీస్కపో అన్నడు. పోయి చూసిన. పసుపు రంగుకు తిరిగింది. ఫ్లాపీ పెట్టే సందుల బల్లి గుడ్లున్నయి.

"తుడిస్తే మంచిగైతది ప్రేమ్ రాజ్" అన్నడు సార్.

బల్లికి నచ్చిన ఇల్లు నా డిస్కులకు ఎందుకు. దండం పెట్టి వచ్చిన.

మార్చి 21, శనివారం. సాయంత్రం 6

సికింద్రాబాద్ పోయి వచ్చిన. శంషాబాద్ నుంచి రెండు బస్సులు మారి, నిలబడి. ఏడు షాపులు తిరిగిన.

ఒకటో షాపు: అరలు రెండే. నాలుగు కావాలంటే, "అన్ని డిస్కులు మీకెందుకు సార్, బ్యాంకు పెడ్తరా" అన్నడు. నవ్విండు గూడ.
మూడో షాపు: ఫ్యాన్ లేదు. ఫ్యాన్ పెట్టే రంధ్రం ఉన్నది. ఇల్లు అడిగితే కిటికీ చూపెట్టినట్టు.
నాలుగో షాపు: అంచు మీద వేలు పెట్టి చూసిన. రక్తం వచ్చింది. "చెయ్యి ఎందుకు పెట్టిన్రు" అని నన్నే అడిగిండు.
ఆరో షాపు: అన్నీ ఉన్నయి, కని కొత్త రకం. నా పాత బోర్డుకు అండ్ల రంధ్రాలు కలవవు.

వీళ్లు కంప్యూటర్లు అమ్మెటోళ్లు. వీళ్లకు సత్తు గిన్నెల దుకాణం ఎక్కువ.

వేలికి కట్టు కట్టుకుంట క్యాథరిన్, "ఒకటైనా నచ్చలేదా" అని అడిగింది. నచ్చుడు కాదు, సరిగ్గ ఉండాలె అన్న.

మార్చి 24, మంగళవారం. పొద్దున 8

తొండుపల్లి నుంచి అమృతమ్మ అవ్వ వచ్చింది. డెబ్భై ఉంటయి. నడిచి వచ్చింది. చర్చిల ఎప్పుడూ వెనుక గోడకు ఆనుకొని కూసుంటది. నాతోని ఎన్నడూ మాట్లాడలేదు.

"బిడ్డా, ఆ సమాధుల బుక్కు నీ పెట్టెల ఉన్నదట గద. మా మొదటి పిల్లను పెట్టింది అండ్ల ఉంటది. రజాకార్ల గొడవ అయినంక నాలుగేండ్లకు. జర చూసి చెప్తవా. ఈస్టర్‌కు రాయి పెట్టిద్దామనుకుంటున్న."

"సర్వర్ తయారు కానియ్యి అవ్వా. అప్పుడు ఒక్క నిమిషంల తీసిస్త" అని చెప్పిన.

"ఇప్పుడు కాదా?"

ఇప్పుడు కావాలంటే డిస్కును మా కంప్యూటర్‌కు తగిలించాలె, వైర్లు విప్పాలె, మల్ల పెట్టాలె. పది నిమిషాల పనే. కని పని ఒక పద్ధతి ప్రకారం జరగాలె. ఎవరు అడిగితే వాళ్లకు తీసిచ్చుకుంట కూసుంటే ఇగ సర్వర్ ఎందుకు.

చాయ్ తాగి పోయింది.

మార్చి 29, ఆదివారం. మధ్యాహ్నం 2

"పోనీ ఆ పేజీలన్ని ఫ్లాపీలల్ల ఎక్కియ్యరాదు" అన్నది క్యాథరిన్. "ఒకటి పోతే ఇంకొకటి ఉంటది."

ఫ్లాపీలు. ఎండకు వంగుతయి, తడికి బూజు పడ్తయి, అయస్కాంతం చూస్తే అన్నీ మర్చిపోతయి. నలభై ఫ్లాపీలు ఎక్కించుడు, నలభై చీటీలు అతికిచ్చుడు. నేను ఇంజనీరింగ్ చదవలేదు గని బుద్ధి లేనోన్ని కాదు. ఒక్కసారే సర్వర్లకు ఎక్కిస్త అన్న.

"మీ ఇష్టం" అన్నది. మాకు పెండ్లయి పదకొండేండ్లు. నువ్వు అనేది మీరు అయ్యిందంటే కోపం వచ్చినట్టు.

ఏప్రిల్ 4, శనివారం. సాయంత్రం 4:30

మల్ల సికింద్రాబాద్. అయిదు షాపులు. ఒకటి దొరికింది. నాలుగు అరలు, రెండు ఫ్యాన్లు, అంచులు మడిచి ఉన్నయి, పక్క మూత ఊడుతది, పాత బోర్డుకు సరిపోతది. చేతుల పట్టుకున్న.

ముందు భాగానికి ఊదా రంగు గీత ఉన్నది. పెండ్లి వ్యాను మీద గీసినట్టు.

కొనలేదు. షాపాయన, "డిస్కులు లోపల ఉంటయి సార్, గీత బయట ఉంటది" అన్నడు. ఇసొంటోళ్లతోని వాదన పెట్టుకోను నేను.

ఏప్రిల్ 8, బుధవారం. పొద్దున 7:30

అమృతమ్మ అవ్వ మల్ల వచ్చింది. చింతచిగురు తెచ్చింది.

"అయ్యిందా బిడ్డా?"

"ఇంక ఎనిమిది రోజులు అవ్వా."

"ఈస్టర్ నాలుగు రోజులే ఉన్నది గద."

"రాయి ఈస్టర్‌కే పెట్టాలని ఎక్కడ రాసి ఉన్నది" అన్న. అన్నంక నాకే మంచిగనిపించలేదు. కని సికింద్రాబాద్ పోయి తిరిగి తిరిగి కాళ్లు పోయినయి నావి గద. ఆమెకు అదేం ఎర్క.

ఏప్రిల్ 12, ఈస్టర్. పొద్దున 9

తెల్లారంగనే అందరం సమాధుల తోటకు పోయినం. మైనపు ఒత్తులు, బంతిపూలు, పాటలు. అమృతమ్మ అవ్వ ఒక మూలకు రాళ్లు లేని జాగల మూడు దిక్కులు మూడు ఒత్తులు పెట్టింది. పిల్లను ఎక్కడ పెట్టిన్రో ఆమెకు సరిగ్గ యాదికి లేదట.

సర్వర్ కాలేదు. కారణాలు: ఎండలు, ఇన్‌స్టిట్యూట్ల పరీక్షలు, దేశంల మంచి క్యాబినెట్ లేకపోవుడు. కొత్త గడువు: మే ఒకటి. కార్మికుల దినం. బరాబర్ ఉన్నది.

ఏప్రిల్ 20, సోమవారం. సాయంత్రం 5

ఆలోచన వచ్చింది. వేరేటోళ్లు చేసిన డబ్బాల కోసం నేనెందుకు తిరగాలె. నా క్యాబినెట్ నేనే గీస్త. వెల్డింగ్ షాపు పెంటయ్యకు ఇస్తే రేకు కోసి చేస్తడు. ముందుగాల అట్టతోని నమూనా చెయ్యాలె. టీవీ అట్టపెట్టె దొరికింది. స్కేలు, కత్తి, గోధుమ రంగు టేపు.

రెండు రోజుల పని. ఇన్ని రోజులు ఎందుకు తట్టలేదో.

ఏప్రిల్ 27, సోమవారం. పొద్దున 11

రాయాలంటే చెయ్యి వస్తలేదు. అయినా రాస్త.

అట్ట నమూనా నిన్ననే అయిపోయింది. నాలుగు అరలు. ఫ్యాన్లకు గుండ్రటి రంధ్రాలు. డిస్కులు పెట్టి చూసిన, కొలతలు ఒక్క నూలు తేడా రాలే. పొద్దున తొమ్మిదికి క్యాథరిన్‌కు చూపిద్దామని రెండు చేతులతోని ఎత్తుకొని వంటింట్లకు పోయిన. "గాలి ఇటు నుంచి వస్తది, అటు నుంచి పోతది" అని చెప్పుకుంట పెట్టెను కొంచెం వంచిన. కింది అట్ట ఊడింది.

మొదటి డిస్కు షాబాద్ బండ మీద పడ్డది. మిగిలిన రెండు నా కాలి మీద పడ్డయి.

కంప్యూటర్‌కు తగిలించిన. ఆ పది నిమిషాల పని, ఇన్ని రోజులు చెయ్యనిది, ఇప్పుడు అయిదు నిమిషాలల్ల చేసిన. తిరుగుతలేదు. లోపల గింజ కొట్టుకున్నట్టు టక్ టక్ అంటున్నది.

క్యాథరిన్ కింద కూసున్నది. బండ మీద రాలిన టేపు ముక్కలు ఏరింది. తిడితే బాగుండు.

ఏప్రిల్ 28, మంగళవారం. పొద్దున 10

మత్తయ్య పెద్దయ్య ఇంటికి పోయి చెప్పిన. నిజంగనే కాల్చినవా, ఎక్కడన్న ఒక్క కట్ట మిగిలిందా అని అడిగిన.

ఆయన నా దిక్కు చూడలేదు. "నువ్వు చెప్పినవు, నేను పొయ్యిల పెట్టిన. ఆ పొద్దు నీళ్లు కాగినయి. ఇద్దరం కలిసి చేసినం" అన్నడు.

ఏప్రిల్ 29, బుధవారం. సాయంత్రం 5

కోఠిల బిక్షం అని ఒకాయన ఉన్నడని శంకరయ్య సార్ చెప్పిండు. టీవీలు, టేప్ రికార్డర్లు బాగుచేస్తడు. ఇప్పుడు డిస్కులు గూడ చూస్తడట. మూడు డిస్కులు తువ్వాలల చుట్టుకొని పోయిన.

సందుల చిన్న గది. ఆయన కంప్యూటర్‌కు క్యాబినెట్ లేదు. చెక్క పలక మీద బోర్డు మొలలు కొట్టి పెట్టిండు. డిస్కు కింద రబ్బరు చెప్పు ముక్క. పక్కన టేబుల్ ఫ్యాన్. వేరే రోజైతే చూసి ఎంత నవ్వేటోన్నో.

"క్యాబినెట్ లేదా అన్నా?" అని అడిగిన.

"ఉన్నది, ఆ మూలకు. మూత విప్పుడు పెట్టుడు పరేషాన్ అయితున్నదని పక్కకు పెట్టిన."

డిస్కు చెవి దగ్గర పెట్టుకొని విన్నడు. "ఎట్ల పడ్డది?"

చెప్పిన. క్యాబినెట్ వెతుకులాట, షరతులు, అట్ట నమూనా, అన్నీ. ఎందుకు చెప్పిన్నో ఎర్క లేదు. ఆయన మొత్తం విన్నడు.

"అంటే, పడొద్దని చేసిన పెట్టె నుంచే పడ్డది."

"అవునన్నా."

"అదృష్టం ఉంటే ఒక్కసారి తిరుగుతది. మల్ల తిరగదు. తిరిగినప్పుడు ఏది ముందు కావాలో అది గుంజుకో."

డిస్కును పట్టుకొని తాళంచెవి తిప్పినట్టు ఒక్కసారి విసురుగ తిప్పిండు. తిరిగింది. పేజీలు ఒక్కొక్కటి రెండో డిస్కులకు ఎక్కుకుంట వచ్చినయి. 1, 2, 3. నేను లెక్కపెట్టుకుంట నిలబడ్డ. పెండ్లినాడు గూడ గంత ప్రార్థన చెయ్యలేదు. 138 కాడ గీరిన చప్పుడు వచ్చింది. ఆగిపోయింది. మల్ల తిరగలేదు.

1964 దాకా వచ్చినయి. అవతలి డెబ్భై రెండు పేజీలు పోయినయి. అండ్ల మా నాయిన ఉన్నడు, 1983.

ఏప్రిల్ 30, గురువారం. సాయంత్రం 6

91వ పేజీ ప్రింట్ తీసుకొని తొండుపల్లి పోయిన. అవ్వ వాకిట్ల వడ్లు చెరుగుతున్నది. చాట పక్కకు పెట్టి పీట వేసింది.

"దొరికిందా?"

"దొరికింది అవ్వా."

"చదువు. నాకు రాదు."

"1952 ఆగస్టు 9. వేప చెట్టు దిక్కు, రెండో వరుస. ఆడ శిశువు. తల్లి అమృతమ్మ, తొండుపల్లి. వయసు మూడు దినములు."

"పేరు?"

అబద్ధం చెప్పుదామని ఒక్క క్షణం అనిపించింది. "పేరు కాడ గీత గీసిన్రు అవ్వా."

కోళ్లు వచ్చి చాటల వడ్లు తింటుంటే గూడ అవ్వ కొట్టలేదు.

"నేను చెప్పిన ఆ పొద్దు. గొంతు ఎల్లలేదు. చర్చి అయ్యగారికి ఇనబడ్డదో లేదో అని ఇన్నేండ్లు అదే. తారీఖు నాకు ఎర్కనే బిడ్డా. పేరు రాసిన్రా లేదా అని చూద్దామనే వచ్చిన."

"ఏం పేరు అవ్వా?"

"ఎస్తేరు."

జేబుల పెన్ను తీసిన. గీత మీద రాసిన. ఎస్తేరు. ఆమె కాయితం తీసుకొని ఆ అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇగ మొదటి నుంచి చదువు" అన్నది.

చదివిన. తారీఖు, చెట్టు, వరుస, పేరు.

చెప్పకుంట లేచిపోవుడు నా వల్ల కాలేదు. "అవ్వా, ఇది మార్చిలనే తీసియ్యొచ్చు. పది నిమిషాల పని. నేనే చెయ్యలేదు."

"ఎర్కనే. నీ పెండ్లాం చెప్పింది."

"మరి ఎందుకు మల్ల మల్ల అడిగినవు?"

"అడగకపోతే మర్చిపోతవని" అన్నది. ఇంట్లకు పోయి చెంబుల మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

మే 3, ఆదివారం. మధ్యాహ్నం 3:10

పొద్దున ఆరాధన అయినంక అందరి ముందు నిలబడి చెప్పిన. సర్వర్, స్కానర్ అనే మాటలు పెట్టలేదు. బుక్కు నా వల్ల పోయింది, సగం దొరికింది, సగం దొరకలేదు అన్న. ఎవరూ తిట్టలేదు. కొందరు తలకాయ ఊపిన్రు, నా గురించి వాళ్లకు ముందునుంచే ఎర్క అన్నట్టు.

కొత్త నిర్ణయం. 1964 నుంచి 1996 దాకా పోయిన పేర్లన్ని మల్ల రాయాలె. రోజుకు ఒక ఇల్లు. క్రిస్మస్ లోపల పూర్తి కావాలె.

ఇవ్వాళ్టిది: ఈరమ్మ అక్క ఇల్లు. ఏడు పేర్లు చెప్పింది. తారీఖులు రావు ఆమెకు. ఒకటి వడ్ల కోతలప్పుడట, ఒకటి పెద్ద వాన పడ్డ ఏడాదట, ఒకటి వాళ్ల బర్రె ఈనిన వారమట. బర్రె ఈనిన వారం. ఇట్ల చెప్తే రిజిస్టరు ఎట్ల రాసేది. ఉన్నది ఉన్నట్టు చీటి మీద రాసుకున్న.

దీనికి మంచి నోట్‌బుక్కు కావాలె. శంషాబాద్ల దొరికేవి సన్న కాయితం, సిరా అవతలికి కనిపిస్తది. గీతలు దగ్గరదగ్గర. అట్ట మెత్తగ. రేపు కోఠి పోయి చూస్త.

4:20. క్యాథరిన్ ఈ పేజీ చదివింది. లేచి పోయి, దవాఖాన నుంచి తెచ్చిన పాత వార్డు రిజిస్టరు తెచ్చి నా ముందట పెట్టింది. సగం దాకా పేషెంట్ల పేర్లున్నయి. అంచులు మడతలు పడ్డయి. మీద అయోడిన్ మరక.

ఇదేం బుక్కు అని అడుగుదామనుకున్న.

4:25. మొదటి పేరు రాసిన.