పేరు పెట్టి పిలిచినవాడు

నాచారం,
జూలై 2006

రాజశ్రీ వాళ్ళమ్మకు,
ఇంట్లో నీ జాగా ఖాళీగా చూస్తూ వ్రాయునది.

నా తెలుగులోని లోపాలను ముందుగా మన్నించవలెను. రాత్రి కాలేజీలో పట్టా పొందినవాణ్ణి. నిద్రమత్తులో నేర్చిన వాక్యాలు ఇప్పటికీ కొంచెం తూలుతాయి. అయినా ఈ సంగతి మరొకరి చేత వ్రాయించను.

నా మెడమీది గడ్డను తీసివేశారు. అల్లుడి ఇంట్లో కూతురి బాలింతతనం చూస్తున్నదానవు, విడిచి పరుగెత్తుకొస్తావని చెప్పలేదు. కంపెనీ దుమ్ముకు దగ్గు అనుకున్నాము కదా. ఉప్పల్ దవాఖానాలో త్రిపురసుందరి డాక్టరమ్మ గడ్డను రెండు వేళ్ళతో నొక్కగానే అదే దగ్గు వచ్చింది. స్కాన్ చూసి, "గొంతును నడిపే నరానికే పుట్టిన గడ్డ, పోశయ్య గారూ. చాలా అరుదు. నరం తెగకుండా పైపొర చీల్చి, గడ్డను ఒలిచి తీస్తాను. అయినా మాట పోవచ్చు, తిరిగి రాకపోనూవచ్చు" అన్నారు.

ఆ మాటతో నాకు నీ పేరు గుర్తుకు వచ్చింది. పెళ్ళయిన నాటినుండి "ఇగో" అనడమే తప్ప పేరు పెట్టి పిలిచి ఎరుగను. మన ఇండ్లలో ఎవరు పిలిచారు? గొంతు ఉండగానే ఒక్కసారి పిలవాలని, ఆపరేషనుకు ముందటి సాయంత్రం ఫోను చేశాను.

"ఇగో" అన్నాను.

"ఏందీ? అన్నం తిన్నవా? గొంతేంది గట్లున్నది, మల్ల ఫ్రిజ్జు నీళ్ళు తాగినవా?"

"ఏం లేదు, పెట్టేస్తున్న" అన్నాను.

నిన్న కట్టు మార్చిన తరువాత, దవాఖానా గేటు దగ్గరి రూపాయి ఫోను నుండి మళ్ళీ చేశాను. నరం దక్కింది కానీ గొంతు ఉత్త గాలిలా వస్తున్నది. ఉన్న బలమంతా కూడదీసుకుని "సారలమ్మా" అన్నాను.

"ఎవడ్రా నువ్వు? మా ఇంటాయన సుత నన్ను పేరు వెట్టి పిలువడు. ఇంకోపారి చేస్తే మా అల్లునికి జెప్త, బొక్కలు ఇరగ్గొడ్తడు!"

నేనేనని చెప్పేలోపే పెట్టేశావు. మళ్ళీ చేయడానికి అభిమానం అడ్డువచ్చింది. ఆ "ఎవడ్రా"ను నేనే. కోపం రాలేదు. తిట్టినా నీ గొంతే కదా, ఇంకా కాసేపు తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

నరం మెల్లగా కోలుకుంటుందట. అప్పటిదాకా గొంతు వాడవద్దన్నారు, అందుకే ఈ ఉత్తరం.

ఇట్లు,
పోశయ్య, బి.ఏ.

రాజశ్రీ, నీవు చదివి, అల్లుడు గారికి ఇవ్వు. నేను వచ్చినప్పుడు నా బొక్కలు క్షేమంగా ఉండవలెను. పిమ్మట మీ అమ్మకు చదివి వినిపించు. ఆమె పేరు వచ్చిన చోట మాత్రం చదవక దాటిపో. అది నేను వచ్చి పలకవలసినది.