తొండం మర్చిపోయిన వినాయకుడు

సుజాతక్కా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి చవితి ఇది. కొత్తపేటలో మన ప్లేస్కూల్ పిల్లలకి ఈరోజు మట్టి ఇచ్చాం.

ఏటా నువ్వు ముద్దలు పంచి, ఎవరి వినాయకుణ్ణి వాళ్లనే చేసుకోమని వదిలేసేదానివి. ఒకసారి ఒకడు తొండం లేకుండానే తెచ్చాడు, గుర్తుందా? "తొండం ఇంట్ల మర్చిపోయిండు టీచర్" అన్నాడు. "అయితే పోయి తెచ్చుకోమను" అని నువ్వూ నవ్వకుండానే అన్నావు. మర్నాడు వాడే ఇంకాస్త మట్టి అడిగి, తొండం చేసి అతికించాడు. ఆ బొమ్మకే పూజ చేశాం.

ఈసారి స్కూల్ ఓనర్ మేడం వినాయకుడి అచ్చులు కొన్నారు. "పిల్లలు చేసినవి వాట్సాప్ గ్రూపులో పెడితే, ఫీజులు తీసుకుని ఏం నేర్పుతున్నారండీ అంటున్నారమ్మా పేరెంట్స్" అన్నారు. పిల్లలు మట్టి నొక్కారు, నేను అచ్చులు తీశాను. గబగబా అయిపోయింది. అందరివీ చక్కగా వచ్చాయి. గోడవారగా వరసలో ఆరబెట్టి ఫొటో తీశాం.

ఇంటికెళ్లేటప్పుడు నాలుగేళ్ల శ్రావ్య ఆ వరస ముందు కూర్చుండిపోయింది.

"టీచర్, వీట్ల నాది ఏది?"

నాకూ తెలియలేదక్కా. ఒకటి తీసి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది. మళ్లీ వరసలోనే పెట్టేసి, ఉత్త చేతులతో వాళ్లమ్మ బండెక్కింది.