పాట కింద మాటలు

బ్యాంకాక్
ఫిబ్రవరి 10

ప్రియమైన చెల్లి ఫెబాకి,

మీ అక్క పుల్లమ్మ ప్రేమతో వ్రాయునది. ప్రభువు దయవల్ల ఇక్కడ నేను, మనవడు మార్క్, వాడి భార్య మహిమ క్షేమం. అక్కడ నువ్వెలా ఉన్నావు? ఎడమ భుజం నొప్పి తగ్గిందా? మరిది యేసుపాదం గారి మోకాలి వాపు తీసిందా, ఇంకా కల్లం కాపలాకి నడిచే వెళ్తున్నారా? నడవనివ్వొద్దు. పక్కింటి సిద్దికాకి ఎనిమిదో నెల కదా, కాళ్ళు నీరు పట్టాయా? పడితే ఉప్పు తగ్గించమను. దాని అత్త దగ్గు ఎలా ఉంది? మీ గేదె లేచిందా? అది పోయినట్టు కల వచ్చింది నాకు. పోయుంటే దాచకుండా రాయి.

నీకు ఫోను వినపడదు. వీడియో కాల్ పెట్టరా, చెల్లి నా పెదాలు చూసి అర్థం చేసుకుంటుందంటే, నెట్టు వీడియోలు ఎక్కించడానికే చాలట్లేదన్నాడు మార్క్. అందుకని ఈ ఏర్పాటు. నేను కాగితం మీద రాస్తాను, వాడు ఫోటో తీసి సిద్దికా ఫోనుకి పంపుతాడు. నువ్వూ అలాగే రాసి ఆ పిల్ల చేత పంపించు. వాడు చదువుతాడని సంకోచించకు. ఇంగ్లీషు మీడియం కదా, బస్సు మీద తెలుగు బోర్డు కూడా కూడబలుక్కోలేడు. నువ్వు బడి సెలవుల్లో బొగ్గుముక్కతో గచ్చు మీద నేర్పిన అక్షరాలే నావి. తప్పులుంటే దిద్దుకో.

కల్లంలో నేను ఎండు మిరపకాయలు నమిలిన వీడియో లక్షల మంది చూశారు కదా, అప్పటి నించి వాడి చానల్లో నా పేరు మిరపకాయ అమ్మమ్మ. ఇప్పుడు దేశాలు తిప్పి, ఎక్కడి సంతలో దొరికే కాయ అక్కడ తినిపించి చూపిస్తాడట. విమానంలో చెవులు పగిలిపోయాయి. చక్రాలు ఊడతాయేమోనని దిగేదాకా నూట ఇరవై ఒకటో కీర్తన చెప్పుకుంటూనే ఉన్నాను.

నిన్న పడవల సంతకి తీసుకుపోయాడు. సంతంతా కాలవ నీళ్ళ మీదే. పడవలోనే పొయ్యి, పొయ్యి మీద మూకుడు, మూకుట్లో కాగే నూనె. పడవ ఒరిగితే ఏం గాను అని మార్క్ చొక్కా పట్టుకున్నాను. రొయ్యలు చేటలో ఎగురుతున్నాయి. ఒక గట్టున నా వయసు ఆడమనిషి మిరపకాయలు పోసుకుని ముచ్చికలు తీస్తోంది. నేనూ పక్కన కూచుని నాలుగు కాయలు తీశాను. గోరుతో గిల్లే తీరు అచ్చం మనదే. ఆమె నా గోళ్ళు చూసి తన గోళ్ళు చూపించింది. ఇద్దరివీ ఒకేలా అరిగిపోయి, అంచుల్లో ఎరుపు. అరటిపండు ఒలిచి నా చేతిలో పెట్టింది. కాసేపు కూచుందామనుకున్నాను. "లే అమ్మమ్మా, ఇది ఎవరు చూస్తారు" అన్నాడు మార్క్.

అక్కడి కాయ చిటికెన వేలి గోరంత. మన తేజ కాయ దాని ముందు బెండకాయ. మూడు తిన్నాను. ఏం కాలేదు. కొబ్బరి నీళ్ళు తాగాను. నా గురించి బెంగ పెట్టుకోకు.

నీ మేలు కోరే అక్క,
పుల్లమ్మ

గేదె సంగతి మరవొద్దు.


ప్రత్తిపాడు
ఫిబ్రవరి 12

ప్రియమైన అక్కకి,

ఫెబా వందనాలు. గేదె లేచింది, మేత తింటోంది. నా భుజం ఫరవాలేదు. ఆయన మోకాలు అలాగే ఉంది, చెబితే వినరు. సిద్దికా కాళ్ళు వాచలేదు. దాని అత్త దగ్గుతోందట, నాకు వినపడదు కాబట్టి ఇబ్బంది లేదు.

పడవల సంత వీడియో సిద్దికా చూపించింది. నీ ముఖం మీద చెమట చూశాను. వీడియో అంతా పాట పెట్టారని సిద్దికా పలక మీద రాసి చెప్పింది. నీ గొంతు తీసేశారట. నీ బదులు మహిమ ముసలి గొంతు పెట్టి మాట్లాడిందట. "ఒరేయ్ మనవడా, ఇది కాయా కలకండా? ఇంకో గుప్పెడు పెట్టు" అందట. కింద జనం నవ్వు బొమ్మలు పెట్టారు. సిద్దికా కూడా నవ్వింది. నా ముఖం చూసి ఆపేసింది.

నాకు ఆ పాట లేదు కదా అక్కా. నాకు నీ పెదాలు మాత్రమే ఉన్నాయి. అందులో నువ్వు ఏమన్నావో నువ్వే రాయి. నేను చూసింది నిజమో కాదో సరిచూసుకుంటాను.

ఇంకొకటి. కడుపులో పుండు ఉంది, కారం ముట్టుకోవద్దని గుంటూరు డాక్టరు రాసిచ్చిన కాగితం నీ సంచిలో నేనే పెట్టాను. మార్క్‌కి చూపించావా?

నీ చెల్లెలు,
ఫెబా


బ్యాంకాక్
ఫిబ్రవరి 17

ప్రియమైన ఫెబాకి,

గేదె లేచిందని చదివాక అన్నం సహించింది. ఈనే లోపల మళ్ళీ పడుకుంటుందేమో, పక్కన గడ్డి పరిచి ఉంచు. మరిది గారికి నా మాటగా చెప్పు, మోకాలు అరిగిందంటే మళ్ళీ పెరగదు. సిద్దికాని మెట్లు ఎక్కొద్దను.

నేను ఏమన్నానో నాకు గుర్తులేదు. బాగుందన్నాననుకుంటా. డాక్టరు కాగితం మార్క్‌కి చూపించాను. వాడు మంచివాడే. "మింగితే కదా కడుపులోకి పోయేది, నమిలి పక్కకి ఊసెయ్" అన్నాడు. ఊసేది కెమెరాలో పడితే మాత్రం మళ్ళీ మొదటి నించి తినాలి. అందుకని మింగేస్తున్నాను, అదే తేలిక. వాడి తల్లి పోయినప్పుడు వాడికి మూడేళ్ళు. నోట్లో ముద్ద పెట్టి పెంచినదాన్ని, ఇప్పుడు వాడు పెడితే కాదంటే బాగుండదు.

నిన్న రైలు సంతకి వెళ్ళాం. రైలు పట్టాల మీదే కూరగాయలు, చేపలు, పూలు. రైలు కూత వేయగానే గొడుగులు ముడిచి, తట్టలు ఇంత వెనక్కి లాగుతారు. పట్టాల పక్కన పరిచిన వంకాయల మీద నించే రైలు పోయింది, ఒక్క కాయ నలగలేదు. చూస్తున్న నేనే నాలుగడుగులు వెనక్కి వేశాను. ఇలాంటి చోట పిల్లల్ని ఎలా పెంచుతారో. ఒకామె బిడ్డని తట్ట పక్కనే పడుకోబెట్టి కొత్తిమీర కట్టలు కడుతోంది. తీసుకో తల్లీ ఆ బిడ్డని అని అరిచాను, ఆమెకి తెలుగు రాదు.

రైలు పోయాక చూస్తే మార్క్, మహిమ కనపడలేదు. ఒక్క నిమిషమే. వెంటనే వచ్చేశారు. నన్ను ఆటపట్టించడానికి దాక్కున్నారట, పిల్లలు కదా. చేపల దగ్గర నీళ్ళు పడి చీర తడిస్తే మార్చుకున్నాను. అంతకంటే ఏమీ లేదు.

నీ అక్క,
పుల్లమ్మ


ప్రత్తిపాడు
ఫిబ్రవరి 19

ప్రియమైన అక్కకి,

అందరం బాగున్నాం. ఈసారి విడివిడిగా రాయను.

రైలు సంత వీడియో చూశాను. ఒక్క నిమిషం కాదు. వాళ్ళు చేపల కొట్టు వెనక నిలబడి నిన్ను తీశారు. వీడియో మూల గడియారం అంకెలు తిరుగుతున్నాయి. ఇరవై రెండు నిమిషాలు. అమ్మమ్మ ఎన్నో నిమిషానికి ఏడుస్తుందో ముందే చెప్పమని చూసేవాళ్ళకి పందెం పెట్టారు. తొమ్మిదో నిమిషం అన్నవాళ్ళు గెలిచారు. నీ చీర వెనక తడి కనిపించింది. అది చేపల నీళ్ళు కాదు.

పడవ వీడియోలో నువ్వు అన్నది ఇది: "చాలు నాయనా, కడుపు కాలిపోతోంది, నీళ్ళివ్వు." మూడుసార్లు అన్నావు. మూడుసార్లూ నవ్వు ముఖం పెట్టి అన్నావు.

రైలు సంతలో మార్క్ అని నువ్వు రెండుసార్లే పిలిచావు. ఆ తర్వాత ఫెబా, ఫెబా అన్నావు. పదకొండు లెక్కపెట్టాను. ఇన్ని దేశాల అవతల నిలబడి, పక్కన ఉన్నా వినపడని దాన్ని పిలిచావు. నాకు అందింది అక్కా.

మనం ఎప్పుడూ మాట్లాడుకోని సంగతి ఒకటి రాస్తాను. నాకు నాలుగేళ్ళప్పుడు, మంట పుడితే గొంతు తెరుచుకుంటుందని నాయనమ్మ నా నాలుక మీద పచ్చిమిరపకాయ చీల్చి రుద్దింది. నా చేతులు వెనక్కి విరిచి పట్టుకుంది నువ్వు. నీకు ఎనిమిదేళ్ళు. నేను అరిచానట, బజారంతా వచ్చి వాకిట్లో నిలబడింది. నా అరుపు ఎలా ఉందో నాకు తెలియదు, వాళ్ళ ముఖాలు తెలుసు. కొందరు చెవులు మూసుకున్నారు, కొందరు నవ్వారు. అప్పటి నించి ఇప్పటిదాకా నేను నోటితో శబ్దం చేయలేదు. మిషన్ బడిలో టీచరమ్మ గొంతు మీద చెయ్యి పెట్టి మాట నేర్పబోయినా నోరు తెరవలేదు. పెదాలు చదవడం మాత్రం నేర్చుకున్నాను. ఆ రోజు నాకు మజ్జిగ పోసింది కూడా నువ్వే. నా కంటే ఎక్కువ ఏడ్చావు. అందుకని నిన్ను ఎప్పుడూ తప్పు పట్టలేదు.

అందుకే చెబుతున్నాను. వాడు పెడితే నోరు తెరవకు. పళ్ళు బిగించుకుని కూచో. ఏం చేస్తాడు? వచ్చెయ్. మా ఇంట్లో ఉండు. ఆయనతో చెప్పాను, కిటికీ పక్కన మంచం వేసి ఉంచారు. మార్క్ చదవలేడు కనుక ఇదంతా రాశాను.

నీ కోసం చూసే,
ఫెబా


ప్రత్తిపాడు
ఫిబ్రవరి 25

ప్రియమైన అక్కకి,

ఆరు రోజులయింది. ఉత్తరం లేదు, వీడియో కూడా లేదు. సిద్దికా రోజూ చూస్తోంది. ఒక్క ముక్క రాయి. గీత గీసి పంపినా చాలు.

ఫెబా


హనోయ్
ఫిబ్రవరి 28

ప్రియమైన నా చెల్లి ఫెబాకి,

నువ్వు బాగున్నావా? భుజం నొప్పి ఎక్కువ కాలేదు కదా? మరిది గారి మోకాలు ఎలా ఉంది? సిద్దికాకి తొమ్మిదో నెల పడుతుంది, దాన్ని ఒంటరిగా ఎక్కడికీ పంపొద్దు. దాని అత్త దగ్గు తగ్గిందా? గేదె మేత తింటోందా? నేను ఇక్కడ ఉన్నానన్న మాటే గాని ప్రాణమంతా మీ దగ్గరే ఉంది.

మార్క్ చదవలేడు, నిజమే. మహిమ చదవగలదు. పదో తరగతి దాకా తెలుగు బడే. ఆ సంగతి నా బుర్రకి తట్టలేదు. నీ ఉత్తరం హోటల్ గదిలో మంచం మీద కూచుని పైకి చదివింది. నేను గోడ వైపు తిరిగి కూచున్నాను. మార్క్ తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అందుకు ఇంకా భయం వేసింది. "నీకు అంత కష్టంగా ఉంటే మేం పోతాం అమ్మమ్మా, నువ్వు ఇక్కడే ఉండు" అన్నాడు. నా పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని ఇద్దరూ బయటికి పోయారు. సాయంత్రం దాకా రాలేదు. ఈ ఊళ్ళో నాకు నీళ్ళని అడగడం కూడా రాదు. మర్నాడూ అంతే. మూడోనాడు నేనే వాడి కాళ్ళు పట్టుకున్నాను. ఆ వారమే వాంతిలో ఎరుపు పడింది. టమాటా అన్నాడు వాడు. నేను టమాటా తినలేదు.

అప్పుడు వాడు అడిగాడు. "చిన్నమ్మమ్మ గొంతు ఇంతవరకు ఎవరూ వినలేదా అమ్మమ్మా?" అని. అరవై రెండేళ్ళుగా లేదన్నాను. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాట కూడా పెట్టను, ఉన్న గొంతు ఉన్నట్టే వినిపిస్తానన్నాడు. అలాంటిది ఎవరి చానల్లోనూ లేదట. అది ఒప్పుకుంటే నేను ఇంక కాయ ముట్టుకోనక్కర్లేదన్నాడు.

నేను ఒప్పుకున్నాను ఫెబా.

నిన్న పొద్దున రైతుల సంతకి తీసుకుపోయాడు. ఆడవాళ్ళు భుజాల మీద కావిళ్ళతో పొలం నించే తెచ్చి నేల మీద పోస్తున్నారు. ఆకుకూరల వేళ్ళకి ఇంకా తడి మట్టి ఉంది. నాకు ఎవరూ ఏమీ తినిపించలేదు. మహిమ జామకాయ కొనిచ్చింది. మెల్లగా కొరుక్కుని తిన్నాను. ఎన్నాళ్ళకో నోరు చల్లగా ఉంది, నీకెలా చెప్పను. అంత బాగుంటుందని మరిచిపోయాను.

కోపగించుకోకు. రమ్మన్నది నువ్వే కదా. నాకంటే నువ్వు గట్టిదానివి, నీకు కడుపులో పుండు లేదు. ఒక్కసారే అన్నాడు. మరిది గారు ఒప్పుకోరేమో, ఆ రోజు ఆయన్ని కల్లానికి పంపించు. వాకిట్లో కొత్త కాయలు ఎర్రగా పరిచి ఉంచు, వెనక అవి కనపడాలట. బ్యాంకాక్ కాయ ఒక డబ్బా తెస్తున్నాడు, పడవల సంతలో నేను తిన్నదే. నేను మూడు తిని బతికాను, అది నిన్నేం చేయదు. ముందు రోజే పెరుగు తోడెయ్యి, మజ్జిగ నేనే కలిపి పోస్తాను.

ఆవిడ నోరు తెరవదు, పళ్ళు బిగించుకుంటుంది, తనే రాసింది కదా అన్నది మహిమ. నేను చెప్పాను, దాని చేతులు నేను పట్టుకుంటాను, నన్ను అది తోసెయ్యదు అని.

కిటికీ పక్కన మంచం తీయకు. దుప్పటి ఒకటి ఎక్కువ ఉంచు. మార్చి ఆరో తేదీ, గురువారం, పొద్దున పదింటికి నీ గుమ్మంలో ఉంటాం.

నీ అక్క,
పుల్లమ్మ